భోజనాల బల్ల మీద అగ్రరాజ్యం

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

ఇక్కడ క్షేమం. మీ అక్క పోయాక నువ్వు ఆదివారాలు రావడం మానేశావు. మా పెళ్ళయిన నాటి నుంచి భోజనాల బల్ల దగ్గర నేను పాత అగ్రరాజ్యం వైపు, నువ్వు ఎదిగివస్తున్న ఆ కొత్త రాజ్యం వైపు వాదించేవాళ్ళం. చివరిసారి నేను మాట తూలాను. నీ రాజ్యం చేసేవన్నీ ఆటబొమ్మలన్నాను. నీకు కోపం వచ్చిందనుకుంటాను. దాని యుద్ధనౌకల గురించి పేపర్లో చదివాను. ఆటబొమ్మలు కావు. ఒప్పుకుంటున్నాను.

ఇట్లు,
బావ

తా.క. ఆదివారం ఇంట్లోనే ఉంటాను. మిగతా రోజులూ ఉంటాను.

&nbsp;

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

మీరు ఒప్పుకోవడమేమిటి? మా ఆవిడ కంగారుపడుతోంది. డాక్టరుగారిని పంపుతున్నాను. నాకు కోపమేమీ లేదు. నిజానికి మీ అగ్రరాజ్యందే గెలుపు. విమానాలు దానివే, పెత్తనమూ దానిదే. నేనే మొండివాణ్ణి.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. డాక్టరుగారికి రాజకీయాలు పడవు. నాలుక చూపించండి, ఆడించకండి.

&nbsp;

బావమరిదికి,

డాక్టరు వచ్చాడు. నాలుక బాగుందట, వాడకమే తక్కువట.

నామీద జాలిపడి ఓడిపోతున్నావు. నాకు జాలి అక్కర్లేదు. నీ రాజ్యానికి ఓడరేవులు లేవా? ఫ్యాక్టరీలు లేవా? అగ్రరాజ్యం వంతెనలు తుప్పు పట్టలేదా? ఇవి నువ్వు అనవలసిన మాటలు. నాచేత అనిపిస్తున్నావు.

ఇట్లు,
బావ

తా.క. నిన్న రెండు వైపులా నేనే వాదించాను. అగ్రరాజ్యం ఓడింది. సంతోషించేవాళ్ళు లేరు.

&nbsp;

బావగారికి నమస్కారాలు.

ఇక దాచలేను. నాకు ఏ రాజ్యం గురించీ తెలియదు. పేపర్లో సినిమా పేజీ దాటను. ఆ వాదనలన్నీ అక్కవి. వారమంతా పేపరు చదివి, ఆదివారం నేను చెప్పులు విప్పగానే వంటింట్లోకి లాక్కెళ్ళి నేర్పేది.

"అగ్రరాజ్యాన్ని తిడితే తప్ప మీ బావ నోరు విప్పరురా. కాసేపు ఆయన గొంతు వినాలనుంది" అనేది. మీరు బల్ల గుద్దుతుంటే తలుపు వెనక నిలబడి వినేది.

ఆమె లేకపోతే నా దగ్గర వాదనలెక్కడివి? ఏ మొహం పెట్టుకుని రాను?

ఇట్లు,
మీ బావమరిది

తా.క. అబద్ధమాడాను. ఒకటుంది. ఆస్పత్రిలో చేరేముందు నేర్పింది. దానికి మీరు జవాబు చెప్పలేరని అక్క పందెం. అదీ అనేస్తే ఆమెది ఇంకేమీ మిగలదని దాచుకున్నాను. ఈ ఆదివారం తెస్తున్నాను. తొందరగా ఓడిపోకండి.