ఏరు పండుకొను చోట పాతిన రాళ్ళ సంగతి

బెంగుళూరు,
18 డిసెంబరు 1946

లేఔటు పనుల ఇంజనీరు దొరవారి సముఖమునకు,

అయ్యా,

విషయం: వృషభావతి ఏటి ఒడ్డున వరద నీరు పారు బయలును ఇండ్ల స్థలములుగా విభజింపక విడిచిపెట్టుట గురించి, మరియు వాచ్‌మన్ చిన్నప్పను తిరిగి పనిలోనికి తీసుకొనుట గురించి.

బళేపేట వాస్తవ్యుడు, సర్వే పనిలో ఇరవైరెండు సంవత్సరములుగా నేల కొలుచు గొలుసు పట్టు కూలీ వెంకటగిరియప్ప వ్రాసుకొన్న అర్జీ. నాకు కన్నడము మాటలోనే గాని వ్రాతలో లేదు. తమరు తెలుగు చదువుదురని విని ఇట్లు వ్రాయుచున్నాను.

1. నిరుడు వేసవిలో కెంగేరి దారి పక్కన ఈ ఏటి ఒడ్డున స్థలములు కొలిచి హద్దు రాళ్ళు పాతునప్పుడు గొలుసు పట్టినది నేనే. అవతలి ఒడ్డున గుడిసెలో ఉండి మేకలు మేపుకొను పాపక్క అను ముసలామె ఏరు దాటి వచ్చి సర్వేయరు గారితో, "స్వామీ, ఈడ రాళ్ళు పాతొద్దు. వాన బలంగా పడితే యేరు ఈడికొచ్చి పండుకుంటాది. దానికి వేరే చోటు లేదు" అని చెప్పినది. సర్వేయరు గారు నక్షా చూపి, "యేరు ఆడుండాది, ఈడ లేదు" అని సెలవిచ్చిరి. ఆమె నా వైపు చూచి, "నువ్వన్నా చెప్పప్పా, నీకు తెలుసు గదా" అన్నది.

నాకు తెలుసును. చిన్నతనమున ఆ బయలులో నడుము లోతు నీళ్ళు చూచినవాడను. అయినను పని పోవునని నోరు మెదపలేదు.

2. ఆ తరువాత కంట్రాక్టరు మట్టి తోలించి, బయలును మెరక చేసి, నీటి అంచున గోడ కట్టించెను. ఈ సంవత్సరము అక్టోబరులో మూడు దినములు విడువని వాన కురిసినది. ఇవతల పరచుకొనుటకు తావు లేక నీళ్ళు అవతలి ఒడ్డుకు ఎక్కినవి. పాపక్క గుడిసె కొట్టుకొనిపోయినది. నాలుగవ దినమున ఆమెను ఒక మైలు దిగువన తుమ్మ చెట్ల నడుమ కనుగొంటిమి. ఎత్తి తెచ్చినవారిలో నేనొకడను. ఆమె కొంగున మేకపిల్ల తాడు ముడివేసి ఉండెను. ఆ ముడి విప్పక అట్లే మోసుకొని వచ్చితిమి.

3. రాళ్ళు మీదికి జరపవలెనని మా మేస్త్రీతో చెప్పితిని. "మన పని గొలుసు పట్టేదప్పా, మాట్లాడేది కాదు" అన్నాడు. అందుచేత నవంబరులో ఒక సెలవు దినమున, పట్టపగలు, గడ్డపార తీసుకొని వెళ్ళి, ఏటి వైపు వరుసలోని పదకొండు రాళ్ళను పెరికి, మునుపటి వరదల చెత్త ఆనిన గుర్తు వెంబడి మీదికి జరిపి పాతితిని. ఇది నేరమని ఎరుగుదును. చేసినది నేనొక్కడనే.

4. ఈ పనికి అక్కడి వాచ్‌మన్ చిన్నప్పను అనుమానించి పనిలోనుండి తీసివేసిరి. అతడు ఐదుగురు బిడ్డల తండ్రి. నేను పైవారికి నిజము చెప్పబోగా, "చెప్పొద్దులే మామా, ఈ వయసులో నీకు పనెవరిస్తారు" అని నన్నే ఓదార్చినాడు. ఆ మాట విన్న తరువాతనే ఈ అర్జీ వ్రాయ పూనుకొంటిని.

5. ఊరు పెరగరాదని నా మనవి కాదు. జనము వచ్చుచున్నారు, ఇండ్లు కావలసినవే. మీది మిట్టన చాలినంత నేల ఉన్నది, నా చేతులతోనే కొలిచితిని. ఇండ్లు అక్కడ కట్టనిండు. వరద గుర్తునకు దిగువ నేల పశువుల మేతకును, బట్టలు ఆరవేసుకొనుటకును, పిల్లల ఆటకును ఎప్పటివలె బయలుగానే ఉండనిండు. ఆ గోడ తీయించుడు. ఇప్పుడు దిగువ వరుసలో ఇల్లు కట్టువారికి ఈ సంగతి తెలియదు. చెప్పగలిగిన ఆమె లేదు.

నాకు ఏ శిక్ష విధించినను ఒప్పుకొందును. చిన్నప్ప నిరపరాధి అని మాత్రము దయతో చిత్తగించి ఉత్తరువు చేయవలెనని వేడుకొనుచున్నాను.

తమ విధేయుడు,
వెంకటగిరియప్ప

మళ్ళీ వ్రాయునది: పై కాగితము మడిచినాక మేస్త్రీ ఇంటికి వచ్చినాడు. రాళ్ళు మళ్ళీ పాత చోటనే పాతాలంట, రేపు పొద్దున గొలుసు పట్టను రమ్మన్నాడు. "నేను రానప్పా" అన్నాను. ఇరవైరెండేండ్లలో ఆ మాట అనడం ఇదే మొదలు. మా ఆడమనిషి శాంతమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి నా పక్కన నిలబడింది. అయ్యగారూ, తమరు స్వయంగా వస్తే మాత్రం వస్తాను. నక్షా తేవద్దు. నడిచి చూపిస్తాను.