బండ మీద నిమ్మరసం

14 జులై 2022

ఆరో తరగతి. జమ్మలమడుగులో కొత్త బడి. సైన్స్ చెప్పే జాహ్నవి టీచర్‌ది భీమవరం వైపు. ఆమె ‘ఎక్కడ’ అంటుంది, మేము ‘యాడ’ అంటాం. ఒకరి మాటకు ఒకరం నవ్వుకుంటాం.

ఈరోజు వేడినీళ్ల గ్లాసు మీద మూతపెట్టి, మూత అడుగున పుట్టిన చుక్కలు చూపించింది. దాని పేరు సాంద్రీకరణం. ఇంటిదాకా ఆ మాటను బిళ్లలా చప్పరిస్తూ వచ్చాను. పుస్తకంలో ఇంగ్లీషు పేజీ, తెలుగు పేజీ పక్కపక్కనే ఉంటాయి. నాకు రెండూ కావాలి.

టీచర్ నియమం ఒకటే. ప్రయోగం చెడినా రికార్డులో పెన్నుతో రాయాలి, చెరపకూడదు.

8 ఆగస్టు 2023, సాయంత్రం 5

ఏడో తరగతి. ఆమ్లాలు. మీ ఊరి రాయి మీద నిమ్మరసం వేసి చూసి రండి అంది టీచర్. మాకు రాళ్లకేం కరువు! మా అబ్బా, అంటే నాన్న, చేసేదే కడప బండల పాలిష్ పని.

షెడ్డులో పరిచిన నల్ల బండలో నా ముఖం కనబడింది. అంత నున్నటి చోట ఏదైనా రాయకుండా ఎలా ఉంటాను? చీపురుపుల్లను నిమ్మరసంలో ముంచి ‘ఆమ్లం’ అని రాశాను. సన్నటి బుడగలు! ఉప్పొంగిపోయాను.

6.20

కడిగాను. రసం పోయింది. అక్షరాలు పోలేదు.

6.50

సర్ఫ్‌తో రుద్దాను. కొబ్బరినూనె పూశాను. ఆమ్లం. ఆమ్లం. ఆమ్లం.

9 ఆగస్టు

ఆ బండ శనివారం పులివెందులలో ఒకరి వంటగదికి పోవాలి. రికార్డులో ఉన్నదున్నట్టు పెన్నుతో రాసి, అబ్బాకు చదివి వినిపించాను.

అబ్బా ఉర్దూలో తిట్టాడు. తెలుగులో రాస్తే సగం తగ్గుతుంది, అందుకని రాయడం లేదు. టీచర్ సంగతి వచ్చేసరికి తెలుగులోకి దిగాడు. బండ మీద పులుపు పడితే మెరుపు సస్తాదని మా తాతకే తెలుసు, మీ టీచరమ్మకు తెలీదా, రేపు బడికొస్తాండా అన్నాడు.

టీచర్‌ను అందరి ముందూ తిడితే నేను ఆమె ముఖం ఎలా చూడను?

10 ఆగస్టు

అబ్బా వచ్చాడు. ఒంటినిండా రాతిపొడి. క్లాసంతా కిటికీలకు అతుక్కుపోయింది. ఏం టీచరమ్మా, బిడ్డలకు బండలు సంపేది నేర్పిస్తాండారా అని మొదలుపెట్టాడు.

తప్పు నాదేనండీ, పాలిష్ బండ జోలికి పోవద్దని నేనే చెప్పాల్సింది, ఇన్నాళ్లుగా ఈ ఊళ్లో ఉండీ నాకు తట్టలేదు అంది టీచర్.

తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ అబ్బా దగ్గరే మిగిలిపోయాయి. ఆ మచ్చ పోతుందా అని అడిగింది టీచర్. ఎట్లా పోగొట్టాలో అబ్బా చెప్పసాగాడు. బెల్లు కొట్టినా ఆపలేదు.

12 ఆగస్టు

అబ్బా రెండు రోజులు రుద్దాడు. నేను నీళ్లు పోశాను. ఆమ్లం పోయింది. బండ పులివెందులకు పోయింది.

17 డిసెంబరు 2024

ఎనిమిదో తరగతి. ఘర్షణ పాఠం. టీచర్ అబ్బాకు కబురు పంపింది. నాకు పనుంది పో అని రెండుసార్లు అన్నాడు. పొద్దున చూస్తే ఇస్త్రీ చొక్కా!

పగిలిన బండముక్క ఒకటి, గరుకువి, నున్నవి పాలిష్ రాళ్లు నాలుగు తెచ్చాడు. ముందు గరుకుది, చివర నున్నది, మధ్యలో నీళ్లు. అందరిచేతా రుద్దించాడు. హర్ష బలమంతా చూపిస్తుంటే, నిదానం నాయనా, అది బండ, మీ అన్న వీపు కాదు అన్నాడు. టీచర్ మా బెంచీలో కూర్చుని నోట్సు రాసుకుంది.

చివర్లో అబ్బా ఆ పాఠం పేరు అడిగి రెండుసార్లు పలికి చూసుకున్నాడు. ముప్పై ఏండ్లుగా చేస్తాండేదానికి ఇంత పేరుందా అన్నాడు.

11 జూన్ 2025

టీచర్‌కు సింహాద్రిపురం బదిలీ. నా దగ్గర ఇన్ని మాటలున్నాయి, ఒక్కటీ రావడం లేదు.

13 జూన్

అబ్బా పలకంత బండకు అద్దంలా పాలిష్ పట్టి నా ముందు పెట్టాడు. పక్కన నిమ్మకాయ, చీపురుపుల్ల. మీ టీచరమ్మకు ఇద్దాం, ఆమె పేరు రాయి, ఇది చెరిపేది లేదు అన్నాడు.

రాశాను. సన్నగా చిటపటమంటూ బుడగలు లేచాయి. ఇద్దరం బండకు చెవులు ఆనించి కూర్చున్నాం.