ఫాదర్‌గారి అమ్మ జున్ను

తిరువూరు,
18-6-1974

ఏమండీ,

ప్రేమావతి నమస్కారాలు. దేవుడి దయవల్ల నేనూ అత్తమ్మా కులాసాగా ఉన్నాం. ఆ మంచుకొండల్లో మీరూ అలాగే ఉన్నారని నమ్ముతూ ఈ ఉత్తరం మొదలుపెట్టాను. అత్తమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా అని అడిగారు. తగ్గలేదని ఆవిడ అంటుంది గాని, ఆదివారం గుడికి నాకంటే ముందే చేరుతోంది. పచ్చడి కాయలు ఈసారి విస్సన్నపేట నుంచి తెప్పించాం. ఇక మిలిటరీలో ఇంకో మూడేళ్లు ఉంటానని సంతకం పెట్టనా వద్దా అని మళ్లీ అడిగారు. దానికి జవాబు రాసేముందు ఇక్కడ జరిగిన ఒక వింత చెప్పాలి.

మన ఇటలీ ఫాదర్‌గారి తల్లి పోయారని కిందటి ఉత్తరంలో రాశాను కదా. టెలిగ్రాం అందేసరికే అక్కడ సమాధి చేయడం కూడా అయిపోయింది, పాపం ఆయన వెళ్లలేకపోయారు. ఆ తర్వాత, ఆవిడ బతికుండగా ఓడలో పంపిన పార్సిల్ వచ్చింది. అందులో గుండ్రంగా, పసుపుపచ్చగా, పీటలా గట్టిగా ఉన్నదేదో ఉంది. సొంత ఆవుల పాలు పితికి ఆవిడే చేసిందట. ఫాదర్‌గారు పది రోజుల ప్రార్థనలకు బెజవాడ వెళ్తూ, బంగళాలో ఎలుకలున్నాయని దాన్ని మన ఇంట్లో పెట్టారు. "ఇది జున్ను. గుడ్డలో చుట్టి, గాలి తగులు చల్లని చోట ఉంచుడి" అన్నారు. ఆయన తెలుగంతా బైబిల్లోంచి నేర్చుకున్నదే కదా, అందులో చీజుకి ఆ మాటే ఉందట.

ఆ మాటే కొంప ముంచింది. అత్తమ్మకు తెలిసిన జున్ను, అప్పుడే ఈనిన గేదె పాలతో వండే జున్ను. గాలి తగిలితే పూట కూడా ఆగదు, ఆ దొరకేం తెలుసు అని స్టీలు క్యానులో పెట్టి, మూత బిగించి, నీళ్లకుండ కింద తడి ఇసకలో పాతింది. నాకూ అదే సబబనిపించింది.

ఫాదర్‌గారు తిరిగొచ్చిన రోజు మూత తీశాను. పైనంతా నూగునూగుగా పచ్చటి బూజు. తల్లి చేతిది ఆయనకు మిగిలింది అదొక్కటే. అత్తమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, అవతల పారేసి ఎలుకలు తిన్నాయని చెబుదామంది. నాకు మనసొప్పలేదు. పళ్లెంలో పెట్టుకుని బంగళాకు బయల్దేరాను. గొణుక్కుంటూ ఆవిడా వెనకే వచ్చింది.

ఆయన కోప్పడలేదు. ముందు వాసన చూసి, ముక్కు పగిలే ఘాటు లేదన్నారు. బొటనవేలితో నొక్కారు. జిగురు లేదు, మెత్తబడలేదు. మన జున్నులాంటి మెత్తనిదైతే బూజు లోపలిదాకా పాకుతుంది, పారేయాల్సిందేనట. ఇది గట్టిది గనక పైపైనే ఆగుతుందట. బూజున్న చోటల్లా బొటనవేలి మందాన చెక్కేశారు. బూజు తగిలిన కత్తి మంచి భాగానికి అంటకుండా ప్రతిసారీ తుడిచారు. మూత బిగిస్తే దానికి చెమట పడుతుందట, దానికీ ఊపిరాడాలట. ఇప్పుడు పొడిగుడ్డలో వదులుగా చుట్టి జాలీ బీరువాలో పెట్టుకున్నారు.

లోపల ఎలా ఉందో ఏమని రాయను! లేత బంగారు రంగు, మధ్యమధ్య ఉప్పుగల్లుల్లాంటి తెల్లటి పలుకులు. ఒక్క మరక లేదు. ఆ పాలు పితికి రెండేళ్లయిందట. మన ఎండలకు పొద్దుటి పాలు మధ్యాహ్నానికి విరిగిపోతాయి. పితికిన మనిషి మట్టిలో కలిసిపోయింది, ఆవిడ పితికిన పాలు మాత్రం సముద్రం దాటి వచ్చి, మా చేతుల్లో పడి కూడా చెడిపోలేదు. అత్తమ్మ సిలువ గుర్తు వేసుకుంది.

ఫాదర్‌గారు చిన్న పలుకు నోట్లో వేసుకుని చాలాసేపు నమలకుండా కూర్చున్నారు. తర్వాత మా ఇద్దరికీ తలా కాస్త ఇచ్చారు. ఉప్పగా, నేతి కమ్మదనంతో, చివర్న కొంచెం చేదుగా ఉంది.

"అమ్మ ఉప్పు ఎక్కువ వేసెను" అన్నారు నవ్వుతూ. మిగిలినదాన్ని గుడ్డలో చుడుతూ, "ఇక ఆమెతో చెప్పుటకు లేదు" అన్నారు.

ఇంటికొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. ఏమండీ, సంతకం సంగతి మీ ఇష్టం, నాకేం అభ్యంతరం లేదని కిందటిసారి రాశాను. అది నిజం కాదు. మంచి ఉద్యోగం వదలొద్దని అత్తమ్మ అంటుంటే నేను కాదంటే బాగుండదని అలా రాశాను. మీకు జ్వరమని నాకు తెలిసేసరికి అది తగ్గిపోయి ఉంటుంది. నేనడిగినదానికి మీ జవాబు వచ్చేసరికి ఏమడిగానో నాకే గుర్తుండదు. మీరు పంపినవన్నీ భద్రంగానే చేరుతున్నాయి. కానీ నాకు ఎదురుగా మీరు కావాలి.

ఇంతవరకు రాసింది అత్తమ్మకు చదివి వినిపించాను. తిడుతుందనుకున్నాను. కాసేపు అటు తిరిగి కూర్చుని, "నా కూరలో ఉప్పెక్కువైతే వాడు నా మొహమ్మీదే చెప్పాలే. సంతకం పెట్టొద్దని రాయి" అంది.

పెట్టకండి.

ఇట్లు,
మీ కోసం చూసే మీ భార్య,
ప్రేమావతి