ఒత్తు పెట్టిన తిట్టు

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. ఈ ముక్క అలవాటు కొద్దీ రాయలేదు, ఇంట్లో అందరి మొహాలూ ఒకసారి చూసొచ్చి రాస్తున్నాను. నువ్వూ, మరదలూ, పిల్లలూ కూడా అలాగే ఉన్నారనుకుంటాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మీ బావగారి మోకాలు నయమైంది. నేను వింటున్నానని తెలిస్తే మాత్రం మెట్ల మీద ఇంకా మూలుగుతారు. "పేపర్లో గొడవ పెట్టుకోవడానికి ఇంకా ఎవరైనా మిగిలారా అక్కా?" అని రాశావు. చాలామంది మిగిలారు, వరసలో ఉన్నారు. ఇక మూడోది, ఆ ఫోటోలో కోటు ఏమిటి, వీధిలో ఆ నడక ఏమిటి, మేనకోడలి షాపుకి ప్రచారమా అని. ప్రచారం కాదు. కాస్త తీరిగ్గా కూర్చుని చదువు.

ఎండాకాలం మొదట్లో నీ మేనకోడలు తను కుట్టిన వీపు లేని జాకెట్టు తనే తొడుక్కుని, వెనకనుంచి తీసిన ఫోటో ఒకటి నెట్‌లో పెట్టింది. మొహం కనపడదు. షాపుకి పెట్టిన కొత్త పేరు మనవాళ్లెవరికీ ఇంకా చెప్పలేదు కూడా. ఎవరో దాన్ని ఎక్కడెక్కడో పంచారు. ఇక కింద బురద మొదలైంది. దాని ఒంటి రంగు దగ్గర మొదలుపెట్టి దాన్ని కన్నదాని పెంపకం దాకా ఎవరూ ఏదీ వదల్లేదు. అది కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి, షట్టరు దించేసి ఇంటికొచ్చింది. తలుపు చప్పుడైతే చాలు, లోపలి గదిలోకి వెళ్లిపోయేది.

పట్టించుకోకపోతే అదే పోతుందని పెద్దమనుషులు సలహా ఇచ్చారు. పోవడానికి అదేమన్నా జలుబా? తిట్టినవాడిదేమో అభిప్రాయమట, పడ్డదానిదేమో అతి అట. నేను ఊరుకుంటానా, వరసగా వ్యాసాలు రాశాను. తిట్టినవాళ్లే వాటిని చదివి ఇంకో విడత తిట్టారు.

ఒకరోజు అన్నం ముందు కూర్చుని అది నెమ్మదిగా అంది. "నువ్వు వాళ్లతో వాదిస్తున్నావమ్మా. వాళ్లకి వాదన అక్కర్లేదు. ఆ మాటలు నాకిచ్చెయ్. నేను కుట్టుకుంటాను."

ఆ మధ్యాహ్నమే మిషను మీద గుడ్డ తీసింది. ఒక్కో తిట్టులోని అక్షరాల్ని రంగు గుడ్డలో కత్తిరించి, ఒక్కో కోటు వీపు మీద అతికి కుట్టింది. మంచి గుడ్డ, మంచి కుట్టు. పెళ్లికి తొడుక్కెళ్లేలా ఉన్నాయి. ఒకటి నర్సు, ఒకటి బస్సు కండక్టరు, ఒకటి లెక్కల టీచరు తొడుక్కున్నారు. ఒకటి నేను. నా వీపు మీది మాట "భరితెగించింది".

రాసినవాడు 'బ'కి ఒత్తు తగిలించాడు. దిద్దమన్నాను. "దిద్దొద్దమ్మా. భరించి భరించి తెగించిందని చదువుకుందాం" అని నవ్వింది. ఎన్నాళ్లకో నవ్వింది.

ఆదివారం బజారు వీధిలో నడిచాం. నినాదాల్లేవు, జెండాల్లేవు. కూరలు కొన్నాం, టీ తాగాం. నర్సు వెనకాల ఒక పెద్దాయన ఆమె కోటు మీది మాట పైకి చదవబోయి సగంలో ఆగిపోయాడు. ఆమె వెనక్కి తిరిగి, చదవండి, పర్లేదు అంది.

"ఇది పైకి చదివే మాట కాదమ్మా."

"రాసే మాటేనా అండీ?"

ఆయన చేతిసంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. నా వ్యాసాలన్నీ కలిసి ఒక్కణ్ణయినా అలా నిలబెట్టలేకపోయాయి. ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఫోన్లో అయితే అరుస్తాను, అందుకే కాగితం తీసుకున్నాను.

బడికి ఒత్తు, బలపానికి ఒత్తు, బెండకాయకి కూడా ఒత్తు పెట్టే మనిషిని నా బతుకులో ఒక్కణ్ణే చూశాను. వాడి చేయి పట్టుకుని పలక మీద దిద్దించింది నేనే. మొన్నటి ఉత్తరంలో కూడా "భాగున్నాం అక్కా" అనే రాశావు. అయినా పొరపాటు పడకూడదని ఆ మాట రాసిన మారుపేరు ఖాతా తెరిచి చూశాను. మీ బాల్కనీలో కుండీలు కనపడ్డాయి.

మారుపేర్ల చాటున బురద చల్లేవాళ్లని పేర్లతో సహా బయటపెట్టాలని ఏళ్ల తరబడి గొంతు చించుకుంటున్నదాన్ని. తీరా ఒక పేరు చేతికి దొరికితే దాచేశాను. ఆ కోటు నాకివ్వమంటే నీ మేనకోడలు అమ్మకి ఎంత ధైర్యమో అనుకుంది. ధైర్యం కాదురా. నా తమ్ముడి నోటిమాట ఇంకొకరి వీపు మీద చూడలేకపోయాను.

మనమ్మాయని తెలిస్తే రాసేవాణ్ణి కాదంటావు. నిజమే, రాసేవాడివి కాదు. నా తగాదా అంతా అక్కడే. మనమ్మాయి కాకపోతే రాయొచ్చని నీకెవరు చెప్పారు? నేనయితే చెప్పలేదు. మరదలికి ఎవరైనా ఆ మాట రాస్తే ఊరుకుంటావా?

నిన్ను వదులుకోవడం నావల్ల కాదు. దాచడం కూడా ఇక నావల్ల కాదు. ఈ కోట్లన్నిటితో ఒక ప్రదర్శన పెట్టి, దానికి ఆ మాటలు రాసినవాళ్లని వెతికి మరీ పిలుస్తానని కూర్చుంది అది. నీ ఖాతా దాకా వస్తే ఆ కుండీల్ని అదీ గుర్తుపడుతుంది. చిన్నప్పుడు సెలవులకొచ్చి వాటికి నీళ్లు పోసింది అదే కదా.

అందుకని ఈ ఉత్తరం అందగానే ఫోన్ చెయ్యి. నాకు కాదు, దానికి. తెలియని నంబర్లు ఎత్తడం మానేసింది గానీ, నీ పేరు చూస్తే వెంటనే ఎత్తుతుంది. అది "మామయ్యా" అనకముందే చెప్పడం మొదలుపెట్టు. ఆ పిలుపు విన్నాక నీకు నోరు పెగలదు.

ఇట్లు,
కోపం తగ్గకపోయినా నీ వైపే చూస్తున్న
మీ అక్క