తమ్ముడి వెనక సముద్రం

పెద్దమ్మాయికి అమ్మ దీవెనలు. వేళకు తింటున్నాను, దిగులు పడకు. ఫోన్లో ఇదంతా చెప్పలేనని కార్డు రాస్తున్నాను.

మీ తమ్ముడు పోయాక వాడి గది ఖాళీ చేద్దామని వచ్చానా, వాడు సగం చేసి వదిలేసిన తెర ఒకటి మూలన ఉంది. నీళ్ల పైపు ముక్కలు బిగించి చిలకపచ్చ గుడ్డ వేలాడదీసేది. విప్పితే సంచిలో పట్టేస్తుంది. పైపు దూరేలా గుడ్డ అంచు మడిచి మిగతాది నేనే కుట్టాను. గదిలో వాడితో ఉండే కెమెరా అబ్బాయి దానికి ఇస్త్రీ చేశాడు. "నీ చొక్కాకి లేని ఇస్త్రీ దీనికెందుకురా?" అన్నాను. "ముడతలుంటే వీడియోలో పచ్చరంగు సరిగ్గా చెరగదు పిన్నీ. చెరిగితేనే ఆ చోట మనకు కావలసిన ఫోటో పెట్టగలం" అంటూ ఫోన్ చేతికిచ్చాడు.

అందులో వీడియో. మీ తమ్ముడు నవ్వుతూ నిలబడి ఉన్నాడు. వెనక సముద్రం. ఎక్కడో బతికే ఉన్నాడనుకున్నాను ఒక్క క్షణం. "వీడు సముద్రం ఎప్పుడు చూశాడు?" అన్నాను. "చూడలేదు పిన్నీ. గోడకి పచ్చ దుప్పటి కట్టి ఇక్కడే తీశాం."

సముద్రం తీసేసి మన ఇల్లు పెట్టమన్నాను. పొద్దుటి వెలుగులో మన గుమ్మం ఫోటో తీసి ఈ అబ్బాయికి పంపు. చెప్పులు పక్కకి తీసేయ్. ఎవ్వరూ అడ్డం రాకండి, అక్కడ వాడు నిలబడాలి.

నాన్న మోకాలు ఎలా ఉంది? పిల్లదానికి ముద్దులు. వీడియో వచ్చాక నాన్నని కూర్చోబెట్టి, సంగతి చెప్పి, అప్పుడు చూపించు. నాకు ముందు ఎవరూ చెప్పలేదు.

అమ్మ