నెమ్మదస్తురాలు

మండపేట, గురువారం రాత్రి

పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళతో అమ్మ, "మా పిల్ల నెమ్మదస్తురాలండి, నోట్లోంచి మాటే రాదు" అని చెప్పింది. మా గోడ అవతలే రైస్ మిల్లు. అరిస్తేగానీ ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినపడదు.

నేను తల వంచుకుని కాఫీ ఇస్తూ, "పంచదార సరిపోయిందాండీ?" అని అడుగుతుండగా కరెంటు పోయి మిల్లు ఆగిపోయింది. నా గొంతు ఆగలేదు. పెళ్ళికొడుకు నాన్నగారి కాఫీ పంచె మీద ఒలికింది. అమ్మ నా వంక చూడనేలేదు.

అప్పుడు పెళ్ళికొడుకు, "సరిపోయిందండీ" అన్నాడు, నాకన్నా గట్టిగా. ఈసారి వాళ్ళమ్మగారు తల వంచుకున్నారు. వాళ్ళదీ మిల్లు పక్క ఇల్లేనట. సంబంధం తెచ్చినాయన అతణ్ణీ నెమ్మదస్తుడనే చెప్పాడు.

నాకు నచ్చాడు. కానీ రేపు పెళ్ళయ్యాక మేమిద్దరం గుసగుసలాడుకుంటే వీధంతా వింటుందేమో...