గీత పెంచిన తంగేడు

నారాయణఖేడ్

మహిపాల్‌కు, వదిన దీవెనలు.

గట్టు మీద పిచ్చిచెట్లు పెరిగాయని ఎవరో చెబితే, వాటిని జేసీబీతో తీయించమని మీ అన్నకు ఫోన్ చేశావట. అవి వాటంతటవి మొలిచినవి కావయ్యా. నీ భార్య గీత పెంచిన తంగేడు. తనే నీకు చెబుతుందని ఎదురుచూశాను. చెప్పలేదు, అందుకే రాస్తున్నాను.

నువ్వు ఊళ్లో ఉన్నప్పటి వానలకు మన చేను గట్టు కోసుకుపోయింది కదా. నువ్వు పుణె పనికి వెళ్లాక గీత తంగేడు గింజలను వేడినీళ్లలో నానబెట్టి, సంచుల్లో మొలిపించింది. వాటిని తీసి గట్టున నాటితే తల్లివేరు తెగి అన్నీ ఎండిపోయాయి. నేను నవ్వాను.

"నవ్వకు అక్కా, ఈసారి గట్టు మీదనే ఇత్తుత" అంది.

తొలకరికి గింజలు నేరుగా మట్టిలో పెట్టింది. మొలకలు నిలదొక్కుకునేదాకా బిందెతో నీళ్లు మోసింది. ఆ తర్వాత అవి నీళ్లే అడగలేదు, మేకలూ ముట్టలేదు.

మొన్నటి జడివానకు పక్క చేను సంగప్ప గట్టు తెగి, అతని కందిలో ఇసుక మేట వేసింది. మన గట్టు కదల్లేదు. సంగప్ప వచ్చి చూసి, "ఏం గట్టిగ పట్టుకున్నదమ్మా గీ తంగేడు! నాకు గిన్ని ఇత్తులియ్యి బిడ్డా" అన్నాడు. గీత సిగ్గుపడి నా వెనక్కి వచ్చి నిలబడింది.

ఇప్పుడు గట్టంతా పసుపు పూలే. జేసీబీ వద్దని మీ అన్న చెప్పేశాడు. బతుకమ్మకు వచ్చినప్పుడు ముందు చేనుకు వెళ్లు. చూశాక గీతతో ఒక మంచి మాట అను. నేను ఎంత మెచ్చుకున్నా, ఆమె నీ మాట కోసమే చూస్తోంది.

మీ వదిన